మందుల హోల్‌సేల్ సంస్థలో మనుషులు, పని పద్ధతి, సాఫ్ట్‌వేర్ మధ్య సమతూకం: దశలవారీ సమగ్ర మార్గదర్శి

కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టినా స్టాకు ఎందుకు కలవడం లేదు, ఇద్దరు మనుషులను అదనంగా తీసుకున్నా సరుకు షాపులకు ఎందుకు ఆలస్యంగా చేరుతోంది, అసలు దేనిని ముందు సరిచేయాలి అని మందుల పంపిణీదారులు తరచుగా అడుగుతున్నారు. రిటైల్ మెడికల్ షాపులకు, నర్సింగ్ హోమ్‌లకు సరుకు సరఫరా చేస్తూ, పది నుంచి ముప్పై మంది వరకు పనిచేసే సంస్థను దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఎరువులు, ఆటో విడిభాగాలు, కిరాణా సరుకు పంపిణీ చేసేవారికి వివరాలు మారుతాయి గానీ, పని వరుస ఇదే ఉంటుంది.

ఆ వరుస ఇది. ముందుగా ఇప్పుడు జరుగుతున్న పనిని ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి. ఆ పని చేసేవారితో కూర్చుని పద్ధతిని కాగితం మీద కుదుర్చుకోవాలి. కొన్ని వారాలు ఆ పద్ధతిలో చేతితోనే పని నడిపి చూడాలి. సాఫ్ట్‌వేర్ సంగతి ఆ తరువాతే చూడాలి. ఈ వరుసను తిరగేసిన సంస్థల్లో సాఫ్ట్‌వేర్ ఖర్చు కంటే దాని చుట్టూ మళ్ళీ చేతితో చేసుకునే పనికి అయ్యే ఖర్చే ఎక్కువవుతుంది.

## 1. సన్నాహం: ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎవరికి అప్పగించాలి

జులై నుంచి అక్టోబరు వరకు మార్పులు పెట్టుకోకండి. వానాకాలంలో విషజ్వరాలు, డెంగీ కేసులు పెరిగి గోడౌన్ మీద ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు ఎవరికీ కొత్త పద్ధతి నేర్చుకునే తీరిక ఉండదు.

నవంబరులో పని మొదలుపెట్టి, జనవరి నాటికి పద్ధతులు కుదుర్చుకుని, ఫిబ్రవరిలోనూ మార్చి మొదటి సగంలోనూ ప్రయోగం నడిపి, ఏప్రిల్ 1న పూర్తిగా మారడం మేలు. మార్చి 31న ముగింపు స్టాకు ఎలాగూ లెక్కించాలి, ఏప్రిల్ 1న బిల్లు నంబర్ల వరుస ఎలాగూ మారుతుంది. అయితే మార్చి చివరి వారంలో కంపెనీలు టార్గెట్ల కోసం సరుకు ఎక్కువగా దింపుతాయి కాబట్టి, ప్రయోగానికి సంబంధించిన పనులేవీ ఆ వారానికి మిగలకూడదు.

ఈ పనికి ఒక్కరే బాధ్యులుగా ఉండాలి. ఆ వ్యక్తి సాఫ్ట్‌వేర్ అమ్మిన వారి మనిషి కాకూడదు. కంప్యూటర్ బాగా తెలుసన్న కారణంతో ఇంట్లో చదువుకుంటున్న అబ్బాయికి అప్పగించడం కూడా సరికాదు. గోడౌన్‌లోనూ, బిల్లింగ్‌లోనూ పనిచేసి ఉండి, అందరితో మాట చెల్లే మనిషిని ఎంచుకుని, ఆయన రోజువారీ పనిలో సగం ఇంకొకరికి బదలాయించండి. ఉన్న పనిమీదే ఇదీ చూసుకోమంటే రెండూ సగంలో ఆగిపోతాయి.

మొదలుపెట్టే ముందు ఒక నెలపాటు ఈ మూడు అంకెలు రాసి ఉంచండి. రేపు మార్పు ఫలించిందో లేదో వీటితోనే తేలుతుంది.

- వంద బిల్లులకు ఎన్నింటిలో తప్పు సరుకు, తక్కువ సరుకు, లేదా వేరే బ్యాచ్ (కంపెనీ ఒకేసారి తయారుచేసి ఒకే నంబరు వేసిన సరుకు) వెళ్ళింది.
- ఏవైనా 50 ఐటమ్‌లు ఎంచి లెక్కిస్తే, పుస్తకంలోని స్టాకుతో ఎన్ని కలవలేదు.
- ఆర్డరు అందినప్పటి నుంచి సరుకు బండి ఎక్కే వరకు ఎంత సమయం పట్టింది.

## 2. ఒక ఆర్డరు వెంట నడవాలి

పని ఎలా జరగాలన్నది పక్కన పెట్టి, ఎలా జరుగుతోందో చూడండి. ఉదయం ఒక షాపు నుంచి ఫోన్‌లోనో వాట్సాప్‌లోనో వచ్చిన ఒక్క ఆర్డరును తీసుకుని, అది స్లిప్పు మీదికి ఎక్కి, బిల్లు అయి, ర్యాకుల్లోంచి సరుకు తీయించుకుని, చెకింగ్, ప్యాకింగ్ దాటి, డెలివరీ లైన్‌లో (ఒక బండి తిరిగే షాపుల దారిలో) వెళ్ళి, సంతకంతో తిరిగి వచ్చి, చివరికి వసూలు పద్దులో పడే వరకు దాని వెంటే వెళ్ళండి. అదే రోజు ఒక నర్సింగ్ హోమ్ ఆర్డరును, ఒక ఎక్స్‌పైరీ రిటర్న్‌ను (గడువు తీరి షాపు తిరిగి పంపిన సరుకును) కూడా ఇలాగే అనుసరించండి.

ప్రతి మజిలీలో పనిచేసే వ్యక్తి పక్కన కూర్చుని అడగవలసినవి నాలుగే ప్రశ్నలు.

- ఈ పని మీ చేతికి ఏ రూపంలో వస్తుంది?
- ఏది సరిగా లేకపోతే మీరు ఆపుతారు, ఎవరిని అడుగుతారు?
- మీ దగ్గర నుంచి ఎవరి చేతికి, ఏ రుజువుతో వెళుతుంది?
- మీరు సెలవు పెట్టిన రోజున దీన్ని ఎవరు చేస్తారు?

నాలుగో ప్రశ్నకు జవాబు రాని చోట ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. అక్కడ పద్ధతి లేదనీ, ఒక మనిషి జ్ఞాపకశక్తే పద్ధతిగా నడుస్తోందనీ అర్థం.

ఇలా చూసినప్పుడు చాలా గోడౌన్లలో బయటపడే ఒక లోపాన్ని దగ్గరగా చూద్దాం. బిల్లింగ్ ఆపరేటర్ ఐటమ్ పేరు కొట్టగానే, ముందుగా గడువు ముగిసే బ్యాచ్‌ను సాఫ్ట్‌వేర్ దానంతట అదే ఎంచుకుంటుంది. ఆ బిల్లు పట్టుకుని ర్యాకు దగ్గరికి వెళ్ళిన పికింగ్ (సరుకు తీసే) కుర్రవాడు, చేతికి అందే వరుసలో ఉన్న డబ్బా తీస్తాడు; అందులో ఉన్నది నిన్న దిగిన కొత్త బ్యాచ్. పేరు, ఎంఆర్‌పీ, సంఖ్య సరిపోయాయి కాబట్టి చెకింగ్‌లో దాన్ని ఎవరూ ఆపరు. ఆ రోజు ఎవరికీ నష్టం కనబడదు.

నష్టం నెలల తరువాత తెలుస్తుంది. బిల్లుల ప్రకారం అయిపోయిన పాత బ్యాచ్ ర్యాకు వెనుక గడువు దాటి దొరుకుతుంది. షాపు తిరిగి పంపిన స్ట్రిప్పుల మీది బ్యాచ్ ఆ షాపుకు ఇచ్చిన బిల్లుల్లో ఎక్కడా కనబడదు కాబట్టి క్రెడిట్ నోట్ (షాపు బాకీలోంచి ఆ మొత్తాన్ని తగ్గిస్తూ ఇచ్చే పత్రం) దగ్గర మాటామాటా పెరుగుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఏమిటంటే, నాణ్యత లోపం వల్ల కంపెనీ ఒక బ్యాచ్‌ను వెనక్కి పిలిస్తే, అది ఏ షాపులకు వెళ్ళిందో మీ రికార్డు తప్పు చెబుతుంది.

## 3. లోపం ఎక్కడిదో తేల్చుకోవాలి

రాసుకున్న ప్రతి లోపాన్నీ ఈ మూడు పరీక్షలకు పెట్టండి.

- ఆ స్థానంలో ఎవరిని పెట్టినా అదే తప్పు జరుగుతుందా? అయితే లోపం పద్ధతిది. మనిషిని మార్చినా, మందలించినా ఫలితం ఉండదు.
- ఒకే నియమం కింద ఒకరు సరిగా చేస్తూ, మరొకరు తప్పుతున్నారా? అయితే శిక్షణ, పనిభారం, లేదా ఆ పనికి ఆ మనిషి తగినవాడా అన్న విషయాలు చూడాలి.
- అందరూ నియమం పాటిస్తున్నా, ఒకే వివరాన్ని రెండు మూడు చోట్ల రాయవలసి వస్తోందా, లేదా సమాచారం కోసం ఎదురుచూడవలసి వస్తోందా? అప్పుడే అది సాఫ్ట్‌వేర్ తీర్చగల లోపం.

పైన చెప్పిన బ్యాచ్ తేడాను పరీక్షించి చూడండి. పికింగ్‌లో ఎవరిని నిలబెట్టినా అదే జరుగుతుంది, ఎందుకంటే బ్యాచ్ చూసి తీయాలని ఎవరూ చెప్పలేదు, తేడా వస్తే ఏం చేయాలో నియమమూ లేదు. అంటే ఇది పద్ధతి లోపం. దీనికి బార్‌కోడ్ స్కానర్లు కొంటే తేడా వచ్చిన ప్రతిసారీ అవి మోగుతాయి. మోగినప్పుడు ఏం చేయాలో తెలియని కుర్రవాడు పని ఆగకూడదని స్కానింగే మానేస్తాడు.

## 4. పద్ధతిని ఒక్కో పేజీలో కుదుర్చుకోవాలి

ఇక్కడ తొందరపడకండి. మొత్తం కాలంలో సగం ఈ దశకే కేటాయించినా ఎక్కువ కాదని నా అభిప్రాయం.

ఒక్కో పనికి ఒక్క పేజీ చాలు. ఎవరు చేయాలి, ఎప్పటిలోగా చేయాలి, చేసినట్టు రుజువు ఏమిటి, ఏ స్థితిలో ఆపాలి, మినహాయింపు ఇచ్చే అధికారం ఎవరిది అన్న ఐదు విషయాలు తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాసి, ఆ పని జరిగే చోటే గోడకు అంటించండి. ఫైల్లో పెట్టిన కాగితాన్ని ఎవరూ తెరిచి చూడరు.

### 4.1 సరుకు దిగడం

దిగిన సరుకులో 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచవలసిన ఇన్సులిన్లు, టీకాల పెట్టెలను అన్నిటికంటే ముందు విప్పి, ఫ్రిజ్‌లో పెట్టి, ఆ సమయాన్ని రాయాలి. మిగతా సరుకును కంపెనీ బిల్లుతో పేరు, బ్యాచ్, గడువు తేదీ, ఎంఆర్‌పీ, సంఖ్య ఒక్కొక్కటిగా పోల్చాలి. ఎంట్రీ కాని డబ్బా ర్యాకు ఎక్కకూడదు. కస్టమర్ ఎదురుచూస్తున్నాడన్న కారణంతో ఎంట్రీకి ముందే సరుకు ఇచ్చేయడం ఎక్కడ మొదలవుతుందో, స్టాకు తేడాలు అక్కడే మొదలవుతాయి.

### 4.2 పికింగ్, చెకింగ్, బిల్లు

ముందు ర్యాకు నంబరు, బ్యాచ్ ఉన్న పికింగ్ జాబితా తీయాలి. పికింగ్ చేసే వ్యక్తి ఆ బ్యాచ్ దొరకకపోతే, దొరికిన బ్యాచ్ నంబరును జాబితా మీద రాసి సున్నా చుట్టాలి. చెకింగ్ మరొకరు చేయాలి. సున్నా చుట్టినవి సవరించిన తరువాతే తుది బిల్లు రావాలి. బిల్లుకు ముందు పికింగ్ పెట్టడం వల్ల మొదటి వారం పని నెమ్మదిస్తుంది. అయినా వెనక్కి తగ్గకండి.

వార్షిక టర్నోవర్ 5 కోట్ల రూపాయలు దాటిన సంస్థలకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్ (బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం) తప్పనిసరి అయింది కాబట్టి ఈ వరుసకు మరింత ప్రాధాన్యం వచ్చింది. ఒకసారి పోర్టల్‌లో నమోదైన ఇన్వాయిస్‌ను 24 గంటలలోపు పూర్తిగా రద్దు చేయవచ్చు గానీ, అక్కడ దిద్దడం కుదరదు. సరుకు తీయకముందే బిల్లు కొట్టే చోట ప్రతి సవరణకూ బిల్లు రద్దు చేయడమో, క్రెడిట్ నోట్ రాయడమో చేయవలసి వస్తుంది.

### 4.3 ఎక్స్‌పైరీ, బ్రేకేజి

మందుల హోల్‌సేల్‌లో లాభం చప్పుడు లేకుండా జారిపోయేది ఇక్కడే. రిటర్న్ మూటలు డెలివరీ కుర్రవాళ్ళ చేతిలో ఏ రోజు పడితే ఆ రోజు వచ్చి, ఒక మూలన పేరుకుపోయి, తీరిక దొరికినప్పుడు విప్పేసరికి కంపెనీ స్వీకరించే గడువు దాటిపోతుంది.

- ప్రతి డెలివరీ లైన్‌కు నెలలో ఒక రిటర్న్ తేదీ నిర్ణయించి షాపులకు ముందే తెలియజేయండి.
- షాపు రాసిన జాబితా లేని మూటను తీసుకోకండి. అక్కడే లెక్కించి సంతకం పెట్టించండి.
- గోడౌన్‌లో తాళం ఉన్న ప్రత్యేక ర్యాకు కేటాయించి, గడువు దాటిన సరుకు అమ్మకపు సరుకుతో ఏ కారణంగానూ కలవకుండా చూడండి.
- ఒక్కో కంపెనీ రిటర్నులు ఎప్పటిలోగా, ఏ షరతులతో తీసుకుంటుందో ఒకే పట్టికలో రాసి అదే ర్యాకు తలుపుకు అంటించండి.
- ఆరు నెలలలో, మూడు నెలలలో గడువు ముగిసే సరుకు జాబితాలను ప్రతి నెల మొదటి వారంలో తీసి, సేల్స్‌మన్‌కు ఒక ప్రతి ఇవ్వండి.

### 4.4 అప్పు పరిమితి, వసూళ్ళు

పరిమితి దాటిన షాపుకు సరుకు ఇవ్వాలా వద్దా అన్నది బిల్లింగ్ కౌంటర్‌లో తేలకూడదు. మినహాయింపు ఇచ్చేవారు ఒక్కరే ఉండాలి, ఇచ్చిన ప్రతిసారీ కారణం రాయాలి. ఈ నియమాన్ని యజమాని తానే పాటించకపోతే మిగతా పేజీలన్నిటికీ విలువ పోతుంది; పాత పరిచయం ఉన్న షాపు యజమాని నేరుగా ఫోన్ చేసినప్పుడు కూడా, కారణం రాయకుండా సరుకు పంపించమని చెప్పకూడదు.

### 4.5 చట్టం ప్రకారం మార్చరాని అంశాలు

ఎవరి సౌలభ్యం కోసమూ సడలించకూడనివి కొన్ని ఉన్నాయి. వీటిని పేజీల్లో వేరే రంగులో రాయండి.

- డ్రగ్ లైసెన్సు ఉన్న షాపులకు, మందులు తీసుకోవడానికి చట్టం అర్హత ఇచ్చిన ఆసుపత్రులు, సంస్థలకు మాత్రమే హోల్‌సేల్ సరుకు.
- బిల్లు మీద బ్యాచ్ నంబరు, తయారీదారు వివరం. బిల్లుల ప్రతులు డ్రగ్ నిబంధనల ప్రకారం కనీసం 3 సంవత్సరాలు, జీఎస్‌టీ చట్టం ప్రకారం అంతకంటే ఎక్కువ కాలం భద్రపరచడం.
- సరుకు విలువ 50,000 రూపాయలు దాటి బండి కదిలితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్‌టీ కింద ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం).
- టర్నోవర్ 10 కోట్ల రూపాయలు, ఆ పైన ఉన్న సంస్థలు 2025 ఏప్రిల్ 1 నుంచి ఇన్వాయిస్ తేదీ తరువాత 30 రోజులలోగా దాన్ని పోర్టల్‌లో నమోదు చేయడం.

## 5. మనుషులను సిద్ధం చేయాలి

పేజీలు రాసిన తరువాత, సాఫ్ట్‌వేర్ కొనక ముందు, కనీసం మూడు వారాలు ఆ పద్ధతిని ఉన్న సాధనాలతోనే నడపండి. కాగితం మీద నడవని పద్ధతి కంప్యూటర్‌లోనూ నడవదు.

ప్రతి గోడౌన్‌లోనూ ఏ మందు ఏ మూల ఉందో, ఏ షాపు ఎంత బాకీ ఉందో నోటి లెక్కగా చెప్పగల సీనియర్ గుమాస్తా ఒకరుంటారు. కొత్త యంత్రం వస్తే తన అవసరం తీరిపోతుందని ఆయన భయపడడం సహజం. ఆ భయం పోగొట్టకుండా ముందుకు వెళితే, ఆయన ఎదురు చెప్పకుండానే సమాచారం దాచుకుంటారు, కుర్రవాళ్ళు కూడా ఆయన వైపే చూస్తారు. ఆయనను విడిగా కూర్చోబెట్టి, మార్పు తరువాత ఆయన పని ఏమిటో స్పష్టంగా చెప్పండి. స్టాకు లెక్కింపుకు, ర్యాకుల అమరికకు, కొత్తవారి శిక్షణకు ఆయననే పెద్దగా పెట్టడం నాకు తెలిసినంతలో ఉత్తమమైన ఏర్పాటు. ఎవరినీ తీసివేయబోమన్న మాట నిజమైతే అందరి ముందూ చెప్పండి. అది నిజం కాకపోతే ఆ మాట ఇవ్వకండి.

శిక్షణ అరగంటకు మించకూడదు. గోడౌన్‌లోనే, తెలుగులో, నిన్నటి మీ సొంత బిల్లులతోనే జరగాలి. ప్రొజెక్టర్ పెట్టి రోజంతా చెప్పిన పాఠం మరునాటికి గుర్తుండదు.

ప్రోత్సాహకాలను కూడా ఈ సమయంలోనే సరిచూడండి. ఎన్ని బిల్లులు పికింగ్ చేశారన్న దాని మీదే డబ్బు ఇస్తూ బ్యాచ్ చూసి తీయమంటే, మీరు చెప్పే మాట ఒకటి, ఇచ్చే డబ్బు మరొకటి అవుతుంది. తప్పు లేని బిల్లులకే లెక్క కట్టండి.

సాఫ్ట్‌వేర్ కొనే ముందు సరిచూసుకోవలసినవి

- ప్రతి పనికీ ఇద్దరు శిక్షణ పొందినవారు ఉన్నారు.
- ప్రతి పేజీనీ ఆ పని చేసేవారు స్వయంగా చదివి, కనీసం ఒక సవరణైనా సూచించారు.
- మూడు వారాల నడకలో పేజీలో లేని పరిస్థితి ఎదురైతే దాన్ని రాసి, పేజీని దిద్దారు.
- మినహాయింపుల పుస్తకం ఉంది, అందులో యజమాని ఇచ్చిన మినహాయింపులూ ఉన్నాయి.

## 6. సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడం

దీని మీద అందరూ నెలల తరబడి తర్జనభర్జన పడతారు గానీ, పేజీలు సిద్ధంగా ఉంటే ఇది వారం రోజుల పని. మార్గ్, టాలీ వంటి పేరున్న వాటిలో దేనిని చూసినా, అమ్మేవారి నమూనా డేటాతో కాకుండా మీ కష్టమైన పది బిల్లులతో చూపించమనండి. పదికి ఒకటి ఉచితమైన స్కీమ్, ఒకే ఐటమ్‌లో రెండు ఎంఆర్‌పీలు, విడి స్ట్రిప్పుల రిటర్న్, పాక్షిక క్రెడిట్ నోట్ వాటిలో ఉండాలి.

మీ పేజీల్లోని ప్రతి మజిలీనీ అది యథాతథంగా చేయగలదా, పక్క నోటుపుస్తకం అవసరమవుతుందా అన్నది రాసుకోండి. ఒక్కొక్కరికీ వేరే పాస్‌వర్డ్, వేరే అధికారాలు ఇవ్వగలగాలి. మీ డేటా మొత్తాన్ని మీరే ఎక్సెల్‌లోకి తీసుకోగలగాలి; అది కుదరదన్న వారి దగ్గర కొనకండి. మీది కంపెనీల చట్టం కింద నమోదైన సంస్థ అయితే, ప్రతి మార్పూ ఎవరు ఎప్పుడు చేశారో చెరపడానికి వీల్లేకుండా నమోదయ్యే ఎడిట్ లాగ్ ఉన్న అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌నే 2023 ఏప్రిల్ 1 నుంచి వాడాలి.

మొదటి సంవత్సరం అదనపు మాడ్యూళ్ళు వద్దు. సేల్స్‌మన్ యాప్, ఆన్‌లైన్ ఆర్డర్లు, రూట్ మ్యాపులు స్టాకు కలిసిన తరువాతే పనికివస్తాయి.

## 7. మాస్టర్ డేటాను శుభ్రం చేయాలి

మాస్టర్ డేటా అంటే సాఫ్ట్‌వేర్‌లో ఉండే ఐటమ్‌ల, కస్టమర్ల మూల జాబితా. పాత జాబితాను ఉన్నదున్నట్టు కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడం సులభమే. కానీ పాత తప్పులన్నీ దానితోపాటే వస్తాయి. ఒకే మందు మూడు స్పెల్లింగులతో మూడు ఐటమ్‌లుగా ఉంటుంది. ఒకచోట యూనిట్ స్ట్రిప్పు, మరొకచోట పది స్ట్రిప్పుల డబ్బా. ఇలాంటి ఒక్క ఐటమ్ చాలు, ముప్పై బిల్లులు తప్పుతాయి.

కదలిక ఎక్కువ ఉన్న ఐటమ్‌లతో మొదలుపెట్టి ఈ క్రమంలో సరిచేయండి.

- పేరు, మోతాదు, ప్యాకింగ్ ఒకే పద్ధతిలో రాయడం.
- అమ్మకపు యూనిట్, కొనుగోలు యూనిట్, వాటి మధ్య లెక్క.
- హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్‌టీ కోసం సరుకు రకాన్ని తెలిపే నంబరు), జీఎస్‌టీ శాతం.
- ర్యాకు నంబరు.
- కస్టమర్ జీఎస్‌టీ నంబరు, డ్రగ్ లైసెన్సు నంబర్లు, అప్పు పరిమితి, డెలివరీ లైన్.

సంవత్సర కాలంగా కదలని ఐటమ్‌లను, స్టాకు లేకపోతే, ఎక్కించకుండా వదిలేయండి.

మాస్టర్‌లో మార్పు చేసే అధికారం ఒకరికి, దాన్ని సరిచూసే బాధ్యత మరొకరికి ఉండాలి. 2025 సెప్టెంబరు 22న ఇది ఎంత అవసరమో అందరికీ అనుభవంలోకి వచ్చింది. అప్పటివరకు 12 శాతం జీఎస్‌టీ ఉన్న మందులు ఆ రోజు నుంచి 5 శాతానికి మారాయి, కొన్ని ప్రాణరక్షక మందులకు పన్ను పూర్తిగా పోయింది. గోడౌన్‌లో ఉన్నది పాత రేటుకు కొన్న సరుకైనా, అమ్మకం కొత్త రేటుకే జరగాలి. ఏ ఐటమ్ ఏ కోడ్ కింద ఉందో శుభ్రంగా రాసుకుని, ఒకరు మార్చి మరొకరు సరిచూసే ఏర్పాటు ఉంటే అది ఒక రాత్రి పని. ఆ ఏర్పాటు లేకపోతే, తప్పు రేటుతో వెళ్ళిన బిల్లులకు క్రెడిట్ నోట్లు రాసుకుంటూ కూర్చోవలసి వస్తుంది.

## 8. ప్రయోగం, మార్పిడి రోజు

మొత్తం వ్యాపారాన్ని రెండు సాఫ్ట్‌వేర్‌లలోనూ ఒకేసారి నడపకండి. సిబ్బంది అలసిపోయి రెండిటిలోనూ తప్పులు చేస్తారు. ఒక డెలివరీ లైన్‌ను, అందులోనూ ఓపిక ఉన్న షాపులున్న లైన్‌ను ఎంచుకుని, దాని ఆర్డర్లను మాత్రం కొత్తదానిలోనూ నమోదు చేయండి. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి: షాపుకు ఇచ్చే బిల్లు, పోర్టల్‌లో నమోదయ్యే ఇన్వాయిస్ పాతదాని నుంచి మాత్రమే వెళ్ళాలి. కొత్తదానిలో చేసేది పోర్టల్‌తో సంబంధం లేని ప్రయోగ నమోదుగానే ఉండాలి. లేదంటే ఒకే అమ్మకం రెండుసార్లు పన్ను లెక్కలోకి ఎక్కుతుంది.

ప్రతి సాయంత్రం రెండిటిలోని బిల్లు మొత్తాలు, పన్ను, బ్యాచ్‌లు పోల్చండి. వరుసగా ఆరు పని దినాలు వివరించలేని తేడా ఒక్కటీ రాకపోతేనే మార్పిడికి సిద్ధమైనట్టు. రూపాయి తేడానే కదా అని వదిలేయకండి. రౌండింగ్ సెట్టింగ్ తప్పుగా ఉంటే అదే తేడా ప్రతి బిల్లులోనూ వస్తుంది.

మార్చి 31, ఏప్రిల్ 1 పని క్రమం

1. మార్చి 31 మధ్యాహ్నానికి ఆర్డర్లు ఆపి, సరుకు దిగడం, వెళ్ళడం రెండూ నిలిపివేయండి. ఈ సంగతిని షాపులకు వారం ముందే చెప్పండి.
2. ఇద్దరిద్దరి జట్లతో లెక్కింపు చేయించండి. ఒకరు లెక్కించాలి, మరొకరు రాయాలి. పుస్తకంలోని సంఖ్యను వారికి చూపించకండి. చూపిస్తే చేతి లెక్క ఆ సంఖ్య వైపే మొగ్గుతుంది.
3. బ్యాచ్‌లవారీగా లెక్కించండి. తేడా వచ్చినవాటిని వేరే జట్టుతో మళ్ళీ లెక్కించండి.
4. తుది సంఖ్యలను బాధ్యుడు, యజమాని సంతకం చేసిన తరువాతే ప్రారంభ స్టాకుగా ఎక్కించండి.
5. షాపుల బాకీలను బిల్లులవారీగా ఎక్కించండి. మొత్తం ఒకే అంకెగా వేస్తే, వసూళ్ళు ఏ బిల్లుకు జమ చేయాలో తెలియక ఆరు నెలలు ఇబ్బంది పడతారు.
6. ఏప్రిల్ 1న మామూలు కంటే తక్కువ ఆర్డర్లతో మొదలుపెట్టండి. పాతదానిని చూడడానికి మాత్రమే తెరిచి ఉంచి, కొత్త ఎంట్రీ చేయడానికి వీల్లేకుండా పాస్‌వర్డ్‌లు తీసివేయండి.

## 9. తరచుగా జరిగే తప్పులు, వాటి సవరణ

అందరూ ఒకే పాస్‌వర్డ్ వాడడం. ఎవరు బిల్లు దిద్దారో తెలియదు, అనుమానం అందరి మీదికీ పోతుంది. వేర్వేరు పాస్‌వర్డ్‌లు ఇచ్చి, అది నిజాయితీగా పనిచేసేవారికి రక్షణ అని సిబ్బందికి వివరించండి.

సాఫ్ట్‌వేర్ పక్కనే పాత నోటుపుస్తకం కొనసాగడం. లాక్కోకండి. అందులో ఏం రాస్తున్నారో చూడండి. సాఫ్ట్‌వేర్‌లో చోటు లేని ఒక నిజమైన అవసరం అక్కడ కనబడుతుంది. దానికి చోటు కల్పిస్తే నోటుపుస్తకం దానంతట అదే ఆగిపోతుంది.

స్టాకు తేడా రాగానే సర్దుబాటు ఎంట్రీ వేసేయడం. తేడాకు కారణం రాయకుండా సర్దుబాటు చేసే అధికారం ఎవరికీ ఇవ్వకండి. ఒకే ర్యాకులో, ఒకే కంపెనీ సరుకులో తేడాలు పదేపదే వస్తే అప్పుడు కారణం దొరుకుతుంది.

ప్రతి లోపానికీ కొత్త నియమం పెట్టడం. పేజీ నిండిపోయి ఎవరూ చదవరు. కొత్త నియమం చేర్చిన ప్రతిసారీ అవసరం తీరిన ఒక పాత నియమాన్ని తీసివేయగలరేమో చూడండి.

కరెంటు, ఇంటర్నెట్ పోయినప్పుడు పని ఆగిపోవడం. చేతి చలానా పుస్తకం, దాన్ని తిరిగి ఎక్కించే క్రమం ఒక పేజీగా ముందే ఉండాలి. బ్యాకప్ ప్రతి రాత్రి తీయడంతోపాటు, మూడు నెలలకు ఒకసారి దాన్ని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడాలి.

## 10. మార్పు తరువాత సమతూకం చెదరకుండా చూడడం

రోజుకు 20 ఐటమ్‌లు లెక్కించే అలవాటు కొనసాగించండి. వారానికి ఒకసారి అరగంట సమావేశంలో, మొదట రాసి ఉంచుకున్న మూడు అంకెలను కొత్త అంకెలతో పోల్చి, తగ్గని దానిని మూడో దశలోని పరీక్షలకు మళ్ళీ పెట్టండి. సమావేశంలో గోడౌన్ వారిని ముందు మాట్లాడనివ్వండి. యజమాని ముందు మాట్లాడితే తరువాత ఎవరూ నిజం చెప్పరు.

కొత్త కంపెనీ ఏజెన్సీ తీసుకున్నా, డెలివరీ లైన్ పెంచినా, అనుభవజ్ఞులైన వారు మానేసినా, సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చినా సంబంధిత పేజీలను ఆ వారంలోనే తిరిగి చదవండి. మనుషులు, పద్ధతి, సాఫ్ట్‌వేర్ మూడింటిలో ఒకటి కదిలితే మిగతా రెండూ ఎక్కడో సడలుతాయి.

చివరిగా, ఆరు నెలలకు ఒకసారి రీకాల్ పరీక్ష (కంపెనీ ఒక బ్యాచ్‌ను వెనక్కి పిలిచినట్టు అనుకుని చేసే పరీక్ష) పెట్టండి. ముందుగా చెప్పకుండా ఒక బ్యాచ్ నంబరు ఇచ్చి, అది ఎంత దిగింది, ఏ షాపులకు ఎంత వెళ్ళింది, గోడౌన్‌లో ఎంత మిగిలింది అన్నది గంటలోగా తేల్చమనండి. రెండు షాపులకు ఫోన్ చేసి వారి దగ్గర ఆ బ్యాచ్ నిజంగా ఉందో లేదో అడగండి. మిగిలిన స్టాకును ర్యాకు నుంచి తీసి, అమ్మకం ఆపిన గుర్తుతో వేరుగా పెట్టించండి. బిల్లులు చెప్పిన సంఖ్య, షాపులు చెప్పిన సంఖ్య, ర్యాకులో దొరికిన సంఖ్య ఒకదానితో ఒకటి సరిపోకపోతే, ఆ వారం వేరే ఏ మార్పూ చేపట్టకుండా పికింగ్ పేజీని పట్టుకుని గోడౌన్‌లో కూర్చోండి.